ఇంకో రకం ఉందా, డాక్టరమ్మా?

మా మామయ్య ఇంకో రకం చూడందే ఏ వస్తువునీ ఒప్పుకోడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో బంగారంలాంటి మనిషి.

ఒకసారి తలుపు గడియ కొనడానికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. పదకొండు గడియలు వేసి తీసి, పన్నెండో రకం అడిగాడు. కొట్టతను విసిగిపోయి తన కొట్టు తలుపుకున్న గడియే ఊడదీసి ఇచ్చాడు. మామయ్య దాన్నీ రెండుసార్లు వేసి తీసి, "బాగానే ఉంది. ఇంకో రకం ఉందా?" అన్నాడు. ఆ వీధిలోకి నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఆయన పని కాటాలు బాగుచేయడం. కిరాణా కొట్ల కాటాలు, మందుల షాపుల కాటాలు ఆయన బల్ల మీద బారులు తీరి ఉంటాయి. ముల్లు వెంట్రుకవాసి పక్కకి పోయినా పట్టుకునే కళ్ళు ఆయనవి. ఆ కళ్ళకి లోకంలో ఏదీ మొదటిసారే సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. జన్మలో ఇంకో రకం అడక్కుండా ఆయన ఒప్పుకున్నది మా అత్తయ్యనొక్కదాన్నే అని మా నాన్న అంటూంటారు.

అలాంటి అత్తయ్యకి గుండె లయ తప్పింది. కాసేపు పరిగెడుతుంది, కాసేపు తడబడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మందులు పనిచేయలేదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి కాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని గుండెదాకా పంపి, తప్పుడు సంకేతాలు పుట్టే చోటును మాడ్చాలని, ఇదివరకు మందులిచ్చిన డాక్టరు అన్నట్టే పెద్దాస్పత్రి డాక్టరమ్మా చెప్పింది. అత్తయ్య తలూపింది. ఆవిడ అన్నిటికీ తలూపుతుంది.

మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆ గొట్టాలు ఎన్ని రకాలండీ?"

"ముఖ్యంగా మూడు. కొన వేడెక్కి ఒక్కో చుక్కా మాడ్చేది ఒకటి. బెలూన్‌లా ఉబ్బి, చల్లదనంతో గడ్డకట్టించేది ఒకటి. క్షణంలో సన్నటి కరెంటు పోట్లు ఇచ్చేది మూడోది, కొత్తది."

"ఇంకో రకం ఉందా?"

డాక్టరమ్మ నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మామయ్య ఒకదాని కొన వంచి చూశాడు, వదిలి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశాడు.

"ఈ వేడిది గుండెకి చిల్లు పెట్టదు కదా?"

"చాలా అరుదండీ. కొన గుండెకి ఎంత బలంగా ఆనుతోందో మాకు తెర మీద గ్రాముల్లో కనిపిస్తుంది. పది నుంచి ఇరవై గ్రాములు, అంతే."

గ్రాములు అనగానే మామయ్య మొహం వెలిగిపోయింది. "ఆ కాటా సరిచూసి ఎన్నాళ్ళయిందండీ?"

"ప్రతిసారీ మొదలుపెట్టే ముందు సున్నాకి తెస్తాం."

"శభాష్! మరి బెలూన్ లోపల పగిలితే?"

"రెండు పొరలుంటాయి. తేడా వస్తే మిషన్ దానంతటదే ఆగిపోతుంది."

"మనిషికి మెలకువ ఉంటుందా? నొప్పి తెలుస్తుందా? పక్కన ఎవరుంటారు?"

డాక్టరమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. కాకపోతే మామయ్య వైపు ఒక్కసారీ చూడలేదు, అత్తయ్యనే చూస్తూ చెప్పింది. ఆయన మొహం చూస్తే కోపం ఆపుకోలేనని భయమేమో అనుకున్నాను.

ఇంటికొచ్చాక మామయ్య ఒక చిన్న కాటా తెచ్చి అత్తయ్య ముందు పెట్టాడు. "ఏమోయ్, దీని మీద వేలు పెట్టి నొక్కు. పది గ్రాములు చూపించాలి."

అత్తయ్య నొక్కింది. ముల్లు నలభై దాటింది.

"అబ్బే, అంత మోటుగా కాదు."

వేలు ఆనీ ఆననట్టు పెడితే పది వచ్చింది. "ఇంతేనా?" అంది అత్తయ్య.

"ఇంతే. రెండు చెంచాల చక్కెర."

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళాం. మామయ్యని చూడగానే నర్సు టీ తాగడానికి వెళ్ళిపోయేది. మూడోసారి ఆయన "ఇంకో రకం..." అనబోతే, "లేదండీ, ఇక కనిపెట్టాలి" అంది డాక్టరమ్మ. అత్తయ్య గుండెలోకి వచ్చే ఒక రక్తనాళం మూతి కోలగా ఉందని, అక్కడ బెలూన్ సరిగ్గా అతకదని, వేడి కొన ఉన్నదే వాడతానని చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. అత్తయ్యని లోపలికి తీసుకెళ్ళాక మామయ్య దొరికిన కుర్చీలో కూర్చున్నాడు, వేరే కుర్చీ చూడలేదు. నేను తెచ్చిన టీ ఏ రకమని అడక్కుండా తాగేశాడు. నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే.

మూడు గంటలకి డాక్టరమ్మ మాస్కు దించుకుంటూ బయటికొచ్చింది. "లయ కుదిరిందండీ. ఇప్పుడు చక్కగా కొట్టుకుంటోంది."

మామయ్య చేతులు జోడించి, గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. నాకు కొండంత బరువు దిగినట్టయింది. ఆ ఊపులో డాక్టరమ్మకి క్షమాపణ చెప్పాను. "మా మామయ్య మీ ప్రాణం తోడేశారు. ఏమీ అనుకోకండి."

ఆవిడ నవ్వింది. "మీకు చెప్పలేదా? మొదటిసారి మీరంతా రాకముందే ఆయన నాకు ఫోన్ చేశారు. 'సామాను సంగతి మీకు తెలిసినట్టు నాకేం తెలుసండీ, ఏది వాడినా నాకు సమ్మతమే. కానీ మా ఆవిడ ఏదీ అడగదు, భయమంతా కడుపులో పెట్టుకుని తలూపుతుంది. గుండె కాలుస్తారట, చిల్లు పడుతుందేమో అని వంటింట్లో తనలో తను గొణుక్కుంటుంటే విన్నాను. ఆ ప్రశ్నలన్నీ నేనడుగుతాను. జవాబు మాత్రం ఆవిడకి చెప్పండి. నన్ను వెర్రివాడనుకున్నా ఫర్వాలేదు' అన్నారు."

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే చెప్పలేనంత సంతోషమూ వేసింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి ఇంటికి వెళ్ళొచ్చని చెప్పి, ప్రశ్నల కోసం మామయ్య వైపు తిరిగింది.

"డాక్టరమ్మా, మెట్లు ఎప్పట్నించి ఎక్కొచ్చు?"

అడిగింది అత్తయ్య! మేం ముగ్గురం ఉలిక్కిపడి మంచం వైపు చూశాం.

"వారం తర్వాత ఎక్కండి."

"వారమంటే ఈ రోజు కలుపుకునా, వదిలేసా? నీళ్ళ బకెట్ ఎత్తొచ్చా? పోనీ, సగం బకెట్? మళ్ళీ దడ వస్తే ఎంతసేపు చూసి మీకు ఫోన్ చేయాలి?"

ఎనిమిదో ప్రశ్నకి డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మామయ్య గడియారం చూసుకుని, "చాల్లేవోయ్, పాపం ఆవిడకి వేరే పనుండదా?" అన్నాడు.

"మీరు కాస్త ఊరుకోండి, అడగనివ్వండి," అంది అత్తయ్య.