ఉస్తాద్‌కు మాత్రమే అలుక్కుపోయిన బొమ్మ

నాకు పని నేర్పిన ఉస్తాద్ పోయాడని శుక్రవారం పొద్దున తెలిసింది. సెలవు రోజైనా ఇక్కడ ఒమాన్‌లో, ఘుబ్రాలో ఒక బిల్డింగ్ పైన డిష్ బిగిస్తున్నాను. కడప నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "నిద్రలోనే పోయినాడు నాయనా, లేపితే లేయలేదు" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. స్పానర్ పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను. టీవీలో బొమ్మ బాగుందో లేదో ఇక ఎవరిని అడగాలి? మనిషి పోతే మొదట వచ్చే ఆలోచన ఇదేనా అని సిగ్గు కూడా వేసింది.

మాది జగిత్యాల వైపు. బిల్డింగుల దగ్గర షట్టరింగ్ పనికని ఒమాన్ వచ్చిన నన్ను సహం అనే ఊళ్ళో టీవీల పనిలోకి లాగింది ఆయనే. లేబర్ క్యాంపుల్లో, ఫ్లాట్లలో డిష్‌లు పెట్టి, వాటిలో వచ్చే ఛానళ్ళను ఒక మిషన్‌తో కేబుల్‌లోకి ఎక్కించి రూమురూముకూ పంపడం మా పని. నేను పుట్టు పిరికివాణ్ణి. నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయేవాణ్ణి. ఆయన కింద పట్టుకుని, "పడితే నా మీదే పడతావులే అబ్బీ, మెత్తగానే ఉంటాను" అనేవాడు. నిజంగానే బొద్దుగా ఉండేవాడు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర, జేబులో ఖర్జూరాలు. టీవీ ముందు మాత్రం ఎన్నడూ కూర్చోడు. చేతులు కట్టుకుని నిలబడి, తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఛానళ్ళ లెక్క నాకు బకెట్‌తో నేర్పాడు. ఒక ఫ్రీక్వెన్సీలో ఇంత సమాచారమే పడుతుందని ఒక హద్దు ఉంటుంది. అందులో ఒక్క హెచ్‌డీ ఛానలే ఉంటే గ్రౌండులో గడ్డిపోచలు కూడా కనిపిస్తాయి. దాని పక్కన ఇంకో ఐదు చిన్న ఛానళ్ళను ఇరికిస్తే హెచ్‌డీ వాటా తగ్గిపోయి గడ్డంతా పచ్చరంగు పూసినట్టు అలుక్కుపోతుంది. "బకెట్ నీళ్ళు ఒక్కనికైతే స్నానం, ఆరుమందికైతే మొగం కడుక్కునేదే" అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు. "వార్తలు చదివే ఆయమ్మను చూసి బొమ్మను నమ్మొద్దు. ఆయమ్మ కదలదు. పరిగెత్తేటోన్ని చూడు." కదలని బొమ్మకు కాస్త వాటా ఇచ్చినా సరిపోతుంది, కదిలేదానితోనే బండారం బయటపడుతుంది.

సహం దగ్గర ఒక పెద్ద క్యాంపు మెస్ హాల్లో క్రికెట్ వచ్చే హెచ్‌డీ ఛానల్ ఉండేది. అదే ఫ్రీక్వెన్సీలో తెలుగు, మలయాళం, బెంగాలీ, నేపాలీ, ఉర్దూ ఛానళ్ళు నడిచేవి. ఆ ఎండాకాలం ఉస్తాద్‌కు అక్కడి బొమ్మ నచ్చడం మానేసింది.

"కుడిపక్క అలుక్కుపోతాంది. నీకూ కనపడతాంది గదా?" అన్నాడు.

నాకేమీ కనపడలేదు. కానీ ఆయన కన్నంటే ఆ చుట్టుపక్కల కంపెనీలన్నిటికీ గురి. ఆయనకు కనపడింది నాకు కనపడలేదంటే నాకు పని రాదన్నట్టే. పని రాదంటే మళ్ళీ షట్టరింగ్. "అవును ఉస్తాద్, జర కనవడ్తుంది" అన్నాను.

ఆయన నేపాలీ ఛానల్ తీసేశాడు. కొన్నాళ్ళకు ఉర్దూ. తర్వాత బెంగాలీ. బెంగాలీలు వచ్చి "హమారా ఛానల్ కిధర్ గయా ఉస్తాద్‌జీ?" అని తమ ఛానల్ ఎటు పోయిందో అడిగిపోయారు. తెలుగు ఛానల్ వంతు వచ్చినప్పుడు మావాళ్ళు నా మీద పడ్డారు: "మా సీరియల్ ఏం పాపం జేసిందిరా?" తీసిన ప్రతిసారీ ఆయన నా వైపు తిరిగి "ఇప్పుడు?" అనేవాడు. నేను ఆయన మొహం చూసి జవాబు చెప్పేవాణ్ణి, టీవీ చూసి కాదు. "ఇంకా జర ఉంది ఉస్తాద్." అట్లా మూడు నెలలు గడిచాయి.

ఆ నెలల్లోనే ఒకరోజు కూడలిలో రౌండబౌట్ చుట్టూ తిరుగుతుంటే, ఆయన తోలుతున్న మా పికప్ నీళ్ళ ట్యాంకర్‌కు జానెడు దూరంలో ఆగింది. ట్యాంకర్ కుడివైపు నుంచే వచ్చింది. "ఎండ కొట్టింది కంట్లో" అన్నాడు. నాకు అప్పుడే ఆయన కంటి మీద అనుమానం వచ్చింది. చెబితే ఆయన లైసెన్సు పోతుందేమో, వీసా పోతుందేమో. ఇన్నాళ్ళూ నేనాడిన అబద్ధం బయటపడుతుంది. రోజూ పక్క సీట్లో డోర్ పట్టుకుని, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

చివరికి మలయాళం కూడా పోయి హెచ్‌డీ ఒక్కటే మిగిలింది. బకెట్ మొత్తం దానిదే. బౌలర్ పరిగెత్తుకొస్తున్నాడు. ఉస్తాద్ చాలాసేపు చూశాడు.

"ఇంకా అలుక్కుపోతానే ఉంది. నిజం చెప్పు అబ్బీ, నీకు కనపడతాందా?"

"లేదు ఉస్తాద్. ఎన్నడు గూడ కనవడలే."

తిడతాడనుకున్నాను. ఆయన అరచేత్తో ఒక కన్ను మూసుకుని చూశాడు, తర్వాత రెండోది. మెస్ బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. "అంటే ఇన్ని దినాలు తెలిసే నన్ను బండి తోలనిచ్చినావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆయన భయపడగా చూడటం నాకదే మొదలు. బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. నాకు డ్రైవింగ్ రాదని ఇద్దరికీ తెలుసు.

షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిందని డాక్టర్ చెప్పాడు. కుడి కన్ను ఇక రాదు, ఎడమదాన్ని కాపాడటానికి చూద్దాం, కొన్ని నెలల ముందు వచ్చుంటే బాగుండేది అన్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. "నాదే ఆలస్యం సార్" అన్నాడు ఉస్తాద్. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఛానళ్ళన్నీ మళ్ళీ పెట్టించి, ఒంటికన్నుతో కడప వెళ్ళిపోయాడు. ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేసి నేను సెట్ చేసిన టీవీ చూపించేవాణ్ణి. ఫోన్లో బొమ్మ నాణ్యత తెలియదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆయన సరేనంటే గానీ నాకు ధైర్యం వచ్చేది కాదు. "ముందు నీకెట్లుందో చెప్పు" అనేవాడు. నేను చెప్పాక, "ఔ, నాకూ అట్లనే ఉంది" అనేవాడు.

ఆయన పోయిన మూడో రోజు అమ్మకు మళ్ళీ ఫోన్ చేశాను. మాటల్లో ఆమె అంది: "రెండో కన్నూ ఏడాది కిందనే పోయింది నాయనా. నీకు చెప్పొద్దన్నాడు. వాడు పిరికోడు, చెప్తే పని ఇడ్సిపెడతాడు అన్నాడు." అంటే ఏడాదిగా బాగుందో లేదో తేల్చింది నేనొక్కణ్ణే.

ఆయన పోవడానికి వారం ముందు బహ్లాలో ఒక షాపు నుంచి చేసిన కాల్ కళ్ళముందు నుంచి పోవడం లేదు. శుభ్రంగా ఉంది ఉస్తాద్, అన్నాను. ఆయన మొహాన్ని ఫోన్‌కు బాగా దగ్గరగా తెచ్చాడు. తెర నిండా ఆయన మొహమే. కళ్ళు నా మీద కాకుండా నా భుజం పక్కన ఎక్కడో ఆగాయి. అటే చూస్తూ నవ్వాడు. "ఔ అబ్బీ, గడ్డిపోచ గడ్డిపోచ కనపడతాంది."