పాల మీద వేసిన నింద

మా అక్క పోయింది. అక్కంటే తోబుట్టువు కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. మొఘల్‌పురాలో ఒకే ఇంట్లో ఇన్నేళ్లూ కలిసి వండుకున్నాం. మొన్న పొద్దున చాయ్ తీసుకెళ్లి లేపితే లేవలేదు. డాక్టరు వచ్చి, నాడి చూసి, తల అడ్డంగా ఊపాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమే గనక వినగలిగి ఉంటే, "ఇంకోసారి సక్కగ చూడు సారూ, నీకేం తొందరున్నది?" అని ఉండేది.

అనుమానం ఆమెకు ఊపిరి. పాల ప్యాకెట్ కత్తిరించి వాసన చూడందే గిన్నెలో పోసేది కాదు. మాదన్నపేట మార్కెట్లో తూచిన వంకాయల్ని మళ్లీ చేత్తో తూచుకునేది. పత్తర్‌గట్టి బట్టల కొట్లో చీర నచ్చితే దాన్ని పట్టుకుని ఎండలోకి నడిచేది, వెనకాల సేఠ్ పరుగు. "అమ్మా, చీర తీస్కొని ఎటు పోతున్నవ్?" అని ఒకసారి ఆయన అరిస్తే, "నీ లైట్లు నీ దిక్కే మాట్లాడ్తయి సేఠ్. సూర్యునికి నువ్వు జీతమిస్తలేవు గద!" అంది. ఆ రోజు చీర కొనకుండానే వచ్చాం. అయితే ఆమె ఉన్నంత కాలం మా ఇంట్లోకి పుచ్చు కూర రాలేదు, వెలిసే చీర రాలేదు. ఆమె అనుమానపడుతుంటే మేమంతా నిశ్చింతగా బతికాం. చీరల సంగతి మొదలుపెడితే ఇక్కడే చీకటి పడుతుంది. చెప్పాల్సింది మా కోడలి సంగతి.

కోడలు పుట్టింటి నుంచి పసిపిల్లతో వచ్చిన కొత్తలో, ఒకనాడు వంటింట్లో పాలపొడి డబ్బా కనిపించింది. అక్క దాన్ని దొంగను దొరకబుచ్చుకున్నట్టు పట్టుకుంది.

"ఇదేంది బిడ్డా? నిన్నటిదాక పిల్ల మంచిగనే తాగింది గద?"

"పాలు సాల్తలేవు పెద్దత్తమ్మా."

"సాలకుంటే గిట్ల బుగ్గలేసుకొని పంటదా? నిజం చెప్పు."

కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. నెల తప్పినప్పటి నుంచే తన ఒళ్లు తనది కానట్టుందట. రొమ్ములు బరువెక్కాయి, నీలి నరాలు తేలాయి, మొనల చుట్టూ నల్లబడింది. పిల్ల ఎడమవైపే ఇష్టంగా తాగడంతో ఇప్పుడు అది పెద్దదిగా, కుడిది చిన్నదిగా కనిపిస్తున్నాయట. ఇంకా పాలిస్తూ పోతే రెండూ జారిపోతాయని ఆఫీసులో స్నేహితురాలు చెప్పిందట.

"చెప్పినామె పాలిచ్చిందా?"

"లేదు. మొదటి సంది డబ్బా పాలే."

"మరి ఆమెయి జారలేదా?"

కోడలు ముక్కు తుడుచుకుంది. "జారినయనే ఏడుస్తది."

"ఇయ్యకున్నా జారినంక, ఇచ్చుడు మీద నింద ఏందే?"

నాకు నవ్వాగలేదు. కోడలికి మాత్రం కోపం వచ్చింది. "మీకేం తెలుస్తది పెద్దత్తమ్మా, మీరు పిల్లల్ని..." అని నాలుక కరుచుకుంది.

అక్క డబ్బాను గట్టు మీద పెట్టింది. "నేను గూడ మోసిన బిడ్డా. నెలలు నిండినంకనే పుట్టింది. ఏడ్వలే. పాలు మాత్రం వచ్చినయి. ఎండిపోయేదాక మా అమ్మ గుడ్డతోని గట్టిగ కట్టింది. ఒక్క సుక్క ఎవ్వరు తాగలే. అయినా నాయి జారినయి. చేసింది కడుపు, నింద పాలకు. ఇస్తె ఇయ్యి, లేకుంటే లేదు, నీ ఒళ్లు నీ ఇష్టం. ఉత్త మాట నమ్మి మాత్రం బంద్ చెయ్యకు."

ఆ పూట కోడలు పిల్లను ఒళ్లోకి తీసుకుంది. మళ్లీ డబ్బా మూత తీయలేదు.

అనుమానం నాకు పట్టుకుంది. ఆమె దగ్గర నేర్చుకున్నదే కదా! నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆమెకు పెళ్లయి చాలా ఏళ్లు. ఆ కాన్పు మాట అత్తగారు ఎత్తలేదు, బావగారు ఎత్తలేదు, ఏ చుట్టమూ నోరు జారలేదు. గొడ్రాలని వెనక గొణిగినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లతో ఒక్కసారైనా "నాకూ పుట్టింది" అనలేదామె. కోడలి భయం పోగొట్టడానికి అప్పటికప్పుడు అల్లిందేమో. అల్లగలదు కూడా. ఒకసారి అడగబోతే, "ఏంది, పోలీసోళ్ల లెక్క చూస్తున్నవ్?" అని నవ్వేసింది.

మొన్న శవానికి స్నానం చేయించేటప్పుడు కోడలు కొంగు దోపుకుని వచ్చింది. పాలిచ్చే తల్లి శవాన్ని ముట్టకూడదని ఎదురింటామె అడ్డం పడింది. కోడలు వినిపించుకోలేదు. ఎదురింటామెను బయటికి పంపి తలుపు వేశాం. నేను చీర తొలగించాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆమె ఒళ్లు ఎన్నడూ చూసినదాన్ని కాదు. బొడ్డు కింద, తుంటి దాకా, వెండి తీగల్లాంటి సన్నని చారలు. నా పొట్ట మీద ఉన్నవాటిలాంటివే. కోడలికి ఇంకా ఎర్రగా ఉన్నవాటిలాంటివే. లావెక్కినా చారలు పడతాయంటారు. కానీ మా అక్క నాకు తెలిసినంత కాలం పుల్లలాగే ఉంది.

కోడలు వాటిని చూసింది, నన్ను చూసింది. అవతలి గదిలో పిల్ల లేచి ఏడుపు అందుకుంది.

"పో బిడ్డా, పాలియ్యి" అన్నాను.

"జరసేపు ఆగుతది అత్తమ్మా."

చెంబు ముంచి, ఆ చారల మీద గోరువెచ్చటి నీళ్లు మెల్లగా వంచింది. పిల్ల ఏడుపు పెరిగిన కొద్దీ కోడలి జాకెట్ ముందు రెండు వైపులా తడి పాకుతూనే ఉంది.