తడిసిన ముడి

మొన్న గుడివాడలో మా సీనియరు వకీలుగారు ఆసుపత్రిలో ఉంటే చూడటానికి వెళ్ళాను. గదిలో అడుగు పెట్టగానే ముందు వినిపించింది ఆయన గొంతు కాదు, మంచం పక్కన గాజు సీసాలో నీటి బుడగల చప్పుడు. సిలిండరులోంచి వచ్చే ఆక్సిజన్ పొడిగా ఉంటే గొంతు ఎండిపోతుందని దాన్ని సీసాలో నీళ్ళగుండా పంపుతారు. ఆ నీళ్ళు ఆగకుండా బుడబుడమంటూనే ఉంటాయి. మిగతావాళ్ళకి అది చెవిన పడనైనా పడని చప్పుడు. నాకు మాత్రం ఎవరో నీళ్ళ అడుగున నోరు తెరిచి ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. ఆయన "కూర్చోమ్మా" అని రెండుసార్లు అన్నారట. నేను కుడి మణికట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని అలాగే నిలబడ్డానని తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆ పూటంతా నాకు ఖైరున్నీసా సిస్టరే. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు. ఆవిడతో నా తగాదా ఎప్పుడూ తెగలేదు. ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచి మళ్ళీ మొదలైంది, అంతే.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, వానాకాలం చివర్లో, ఉబ్బసం ముదిరి నన్ను బందరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అప్పుడు గుడివాడ కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. ప్రపంచంలో నేను ఓడించలేని మనిషి లేదన్న నమ్మకం ఒకటి, మెట్లెక్కితే అందని ఊపిరి ఒకటి, ఈ రెండే నా ఆస్తి. ఆడవాళ్ళ వార్డుకి ఖైరున్నీసాగారు హెడ్ నర్సు. బందరు మనిషే. పొడగరి, ఎముకలు లెక్కపెట్టగలిగేంత సన్నం. నవ్వుతోందో కసురుతోందో తెలియని గొంతు. రోగుల్ని ఊరి పేర్లతో పిలిచేది. నేను ఆవిడకి మొదటిరోజు నుంచీ "గుడివాడ"నే. ఆయాసం వచ్చినప్పుడు దిండొకటి ఒళ్ళో పెట్టి, దానిమీదికి ముందుకు వంచి, వెనకనుంచి వీపు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది.

"గాలి లాగకు. ముందు వదులు. నిండిన బిందెలో ఇంకెక్కడ పోస్తావు?"

"గాలి అందక చస్తుంటే వదలమంటారేంటండీ?"

"వాదించడానికి సరిపోతోందిగా. ఆ గాలే వదులు."

అని, వేడిపాలు ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి తనే నెమ్మదిగా ఊదేది. ఒకటికి నాలుగుసార్లు ఊదేసరికి నా ఊపిరి నన్నడక్కుండానే ఆవిడ ఊపిరి వెనక నడిచేది. నాకది నచ్చేది కాదు. నా మాట వినని నా ఊపిరితిత్తులు ఇంకొకరి మాట వినడం నాకు చిన్నతనంగా ఉండేది.

నా పక్క మంచం నాంచారమ్మది. కోడూరు దాటి పాలకాయతిప్ప వైపు వెళ్ళేదారిలో ఏదో పల్లె. ఉప్పెనలో ఉప్పునీళ్ళూ బురదా మింగింది. అప్పట్నుంచీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. అది ఎక్స్‌రేలో కనపడే జబ్బు. కనపడనిది ఇంకొకటుంది. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగేసరికి లేచి, కాళ్ళు మంచం మీదికి లాక్కుని, నేలకేసి చూసేది.

"వత్తన్నయ్," అనేది, ఎవరికీ కాకుండా. కాసేపాగి, "మంచంకోళ్ళు మునిగినయ్."

ఆపైన ఊపిరి బిగబట్టేది. ముఖం నల్లబడేదాకా, మెడ నరాలు తాళ్ళలా లేచేదాకా వదిలేది కాదు. వార్డులో మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. తర్వాత, ఎవరు మొదలెట్టారో తెలియదు, సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్కరే కాళ్ళు పైకి పెట్టుకోవడం మొదలైంది. చెప్పులు కూడా మంచాల మీదే. నేను హేతువాదం మీద ఉపన్యాసాలిచ్చే పిల్లని. ఒక సాయంత్రం పుస్తకంలోంచి తలెత్తి చూసుకుంటే నా పాదాలు రెండూ దుప్పటి మీద ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. వార్డు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్క పాదం నేలమీద లేదు. ఎవరూ దగ్గడం కూడా లేదు.

నేల మీద నడుస్తున్నది సిస్టరు ఒక్కతే. నాంచారమ్మ మంచం దగ్గరికొచ్చేసరికి చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, మోకాలు లోతు నీళ్ళని తోసుకుంటూ వస్తున్నట్టు, బరువుగా అడుగులు వేసింది. నాకు ఒళ్ళు జలదరించింది, వెంటనే కోపమూ వచ్చింది.

"చదువుకున్నవాళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ? నీళ్ళు లేవని చెప్పాల్సింది పోయి."

"చెప్పి చూడు."

"చెప్తాను. నాంచారమ్మా, నీళ్ళు లేవు. పొడినేల."

నాంచారమ్మ నా వైపు జాలిగా చూసింది. మునిగిపోతూ ఆ సంగతి తెలియనివాళ్ళని చూసే చూపు అది. సిస్టరు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఊదటం మొదలుపెట్టింది. చాలాసేపటికి బిగబట్టిన ఊపిరి వదిలాక నాతో అంది: "ఆవిడ నీళ్ళలో ఉంది గుడివాడా. నువ్వు గట్టుమీద నిలబడి కేకేస్తే వస్తుందా? మనమే కాస్త దిగాలి."

"దిగి మీరూ మునిగితే?"

"అందుకేగా కుచ్చెళ్ళు పట్టుకుంది," అని వెళ్ళిపోయింది. అప్పటికి అది నాకు వెటకారంగానే తోచింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఇంజెక్షన్ మత్తులో నిద్రపోయాను. చల్లగా అనిపించి మెలకువ వచ్చింది. నా కుడి మణికట్టు మంచం తలవైపు ఇనపకడ్డీకి కట్టేసి ఉంది. చీర అంచు చింపి, నీళ్ళలో ముంచి, బిగించి వేసిన ముడి. నాంచారమ్మ నా మీదికి వంగి, పక్కన బుడబుడమంటున్న నా ఆక్సిజన్ సీసాకేసి చూస్తోంది. "పడిపోవులే అమ్మా. కట్టేశాను," అంది మెల్లగా. ఆ గొంతులో ఎంత ప్రేముందంటే, నాకు కేక వెయ్యడానికి నోరు రాలేదు. మా అమ్మ ఫ్లాస్కుతో లోపలికొచ్చి నాకు బదులు కేక వేసింది.

సిస్టరు వచ్చి, "నాంచారమ్మా, విప్పు" అంది. ఆవిడ చేతులు ముడిదాకా వచ్చి ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టేసింది. చివరికి సిస్టరే విప్పింది. నాంచారమ్మ ఊపిరి దారికొచ్చేసరికి చాలాసేపు పట్టింది. కట్టగలదు, విప్పలేదు. ఎందుకో ఆ వారంలోనే తెలిసింది. ఆవిడ మరిది వచ్చి వరండాలో సిస్టరుతో చెబుతుంటే, కిటికీ పక్క మంచం నాది కాబట్టి, విన్నాను.

"నీళ్ళొచ్చేటప్పుడు వదిన పిల్లని తాటిచెట్టుకి కొంగుతో కట్టేసిందండి. తను పైన మట్ట పట్టుకుంది. ముడి గట్టిదేనండి, ఊడలేదు. నీళ్ళే ఇంకా పైకొచ్చేసినయ్. పిల్లని విప్పి పైకి లాగుదామంటే తడిసిన ముడి, చేతికి రాలేదంట. నీళ్ళు తీశాక మేమెళ్ళేసరికి బుజ్జమ్మ అట్టాగే చెట్టుకుంది. మేమే కత్తితో కోశామండి. కొయ్యగానే వదిన ఊపిరి బిగబట్టి పడిపోయింది. అదే, ఆ రోజు నుంచే."

సిస్టరు లోపలికొచ్చి, నా సీసాకి తువ్వాలు చుట్టి, మంచానికి అవతలివైపు పెట్టింది. ఆ చప్పుడు నాంచారమ్మకి ఏమని వినిపిస్తోందో అప్పుడు నాకూ అర్థమైంది. అప్పట్నుంచి నేనూ అలాగే వింటున్నాను.

డాక్టరుగారు మంచివారే. ఇంకో రోగిని కట్టేసే మనిషిని వార్డులో ఉంచితే ఏదైనా జరిగినప్పుడు జవాబు ఎవరు చెప్పాలన్నారు. సోమవారం ఆవిణ్ణి దూరపు ఊళ్ళో మానసిక రోగుల ఆసుపత్రికి పంపుదామన్నారు. మరిది చేతులు నలుపుకుంటూ, కూలి మానుకుని అంతదూరం తను వచ్చి చూడలేనన్నాడు. "ఈ నెమ్ముతో, ఈ ఊపిరితో పంపితే మనిషి దక్కదు డాక్టరుగారూ," అంది సిస్టరు. నేను డాక్టరుగారి పక్షం. ఆ మాట గట్టిగానే అన్నాను. "నీ మంచం మార్చమంటావా?" అని సిస్టరు అడిగింది. "నేనెందుకు మారాలి? ఆవిణ్ణే మార్చండి," అన్నాను.

ఆదివారం మధ్యాహ్నమే మబ్బు కమ్మేసింది. కరెంటు పోయింది. సముద్రం మీదినుంచి గాలి లేచి కిటికీ రెక్కల్ని కొట్టింది. అమ్మ మందుల షాపుకి వెళ్ళింది. గాలి మారితే నా రొమ్ము పట్టేస్తుంది, పట్టేసింది. లేచి ముందుకు వంగబోతే చెయ్యి రాలేదు. నేను కునుకు తీసినప్పుడెప్పుడో నాంచారమ్మ కట్టేసింది. ఈసారి ఇంకా బిగువుగా. వంగలేను, పడుకోలేను. పిల్లికూతలు నా గొంతులోంచి వస్తున్నాయని తెలుస్తోంది కానీ అవి ఎక్కడో కింద గదిలోంచి వస్తున్నట్టున్నాయి. సిస్టరు పరిగెత్తుకొచ్చింది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. ఎడమ చేతికి ఇంజెక్షన్ చేసింది. సీసా మొదలైంది, బుడబుడమని. ఏప్రన్ జేబులోంచి కత్తెర తీసింది. నేను చూశాను. తీసి, పిడికిట్లో పట్టుకుని, ఆగిపోయింది.

"నాంచారమ్మా, పిల్లకి ఊపిరాడటం లేదు. నువ్వు కట్టిన ముడి, నువ్వే విప్పాలి."

"తడిసిపోయిందమ్మా. రాదది. తడిస్తే రాదు."

"పంటితో లాగు."

"రాదమ్మా, నీళ్ళొచ్చేసినయ్..."

"ఇంకా పిల్ల మీదికి రాలేదు. చూడు, కళ్ళు తెరిచే ఉంది. లాగు."

సిస్టరు చూపు నా ముఖం మీదే ఉంది. నేను కత్తెర కేసి చూస్తున్నాను. కొయ్యి అని అరవాలనుంది. జీవితంలో మొదటిసారి వాదించడానికి నా దగ్గర గాలి లేదు. వార్డంతా మంచాల మీద కాళ్ళు ముడుచుకుని బొమ్మల్లా కూర్చున్నారు. నాంచారమ్మ నా మణికట్టు మీదికి వంగింది. ఆవిడ పళ్ళు నా చర్మానికి తగిలాయి. ఊపిరి బిగబట్టలేదు. వేడిగా, గబగబా, నా చేతిమీద వదులుతూ, పీలుస్తూ, కుక్కపిల్లలా గుడ్డని కొరికింది. ఎంతసేపు అని అడగకండి. ముడి సడలింది. చెయ్యి ఊడి ఒళ్ళో పడింది. నేను దిండు మీదికి ముందుకు వాలిపోయాను. వెనకనుంచి వీపు మీద అరచెయ్యి పడింది. అది సిస్టరుది కాదు. గరుకుగా, తడిగా ఉంది. "వచ్చేసిందే బుజ్జమ్మా, వచ్చేసిందే," అంటూ రాస్తోంది. నేను బుజ్జమ్మని కాదని చెప్పలేదు. ఇప్పటికీ అనుకుంటాను, ఆ కాసేపు నేను బుజ్జమ్మనేనేమో.

ఆ సాయంత్రం నాంచారమ్మ ఏడ్చింది, ఉప్పెన తర్వాత మొదటిసారి. ఆవిడకి నయమైపోయిందని కట్టుకథ చెప్పను. నీళ్ళు తర్వాత కూడా వచ్చేవి, కానీ చీలమండల దాకానే. ఊపిరి మాత్రం మళ్ళీ బిగబట్టలేదు. డాక్టరుగారు సిస్టరును గదిలోకి పిలిచి గట్టిగా మందలించారు. ఆయన అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. అయినా సోమవారం ప్రయాణం ఆపారు. కొన్నాళ్ళకి నెమ్ము తగ్గాక మరిదితో కోడూరు బస్సెక్కింది నాంచారమ్మ.

నేను వకీలునయ్యాక, సిస్టరు ఉద్యోగం నుంచి దిగిపోయాక, చిలకలపూడి వైపు ఆవిడ ఇంటికి వెళ్ళాను. కోర్టులో అలవాటైన ధోరణిలో అడిగాను.

"కత్తెర చేతిలో పెట్టుకుని ఎందుకాగారు?"

"నీ పెదాలు చూస్తూనే ఉన్నాను. నీలం పాకితే కోసేదాన్ని. ముందే కోస్తే నాంచారమ్మ మళ్ళీ తేలేది కాదు."

"పాకేలోపు నా గుండె ఆగిపోతే?"

"ఆగలేదుగా."

"అది జవాబు కాదండీ."

"కాదు," అని ఒప్పుకుంది. టీ కప్పు నా వైపు జరిపింది.

"ఆ మంచం మీద మీ అమ్మాయి ఉంటే ఆగేవారా?"

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆగేదాన్ని కాదు. గుమ్మంలోంచే పరిగెత్తుకొచ్చి కోసేదాన్ని. నాంచారమ్మ ఏమైపోయినా చూసేదాన్ని కాదు."

ఎందరో సాక్షుల్ని నిలబెట్టి అడిగాను. తనకి వ్యతిరేకంగా అంత తేటగా జవాబు చెప్పినవాళ్ళని మళ్ళీ చూడలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా కోపం అలాగే ఉంది, దాన్ని వదిలించుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో కొందరు, తామే బిగించుకున్న కాపురపు ముడిలో ఊపిరాడక గిలగిల్లాడుతూ వస్తారు. కాగితం మీద ఒక్క వేటుతో తెంచెయ్యడం నాకు చేతనవును. చెయ్యి లేస్తుంది. అప్పుడు "నాంచారమ్మ ఏమైపోయినా చూసేదాన్ని కాదు" అన్న ఆ జవాబు అడ్డమొచ్చి చెయ్యి ఆగుతుంది. ఎదుటి మనిషి ముఖం కేసి చూస్తూ కూర్చుంటాను. ఆగినంతసేపూ నాకు భయంగానే ఉంటుంది.