వద్దు రత్నం

తాడేపల్లిగూడెంలో హైవే వంతెన దిగగానే ఎడమచేతివైపున్న షెడ్లలో మూడవది కనకరత్నానిది. లారీ చాసీ వంగినా, విరిగినా, పగులిచ్చినా భీమవరం నుంచి నూజివీడు దాకా ఉన్న డ్రైవర్లు అక్కడికే తెస్తారు. అయితే షెడ్డు ఎక్కడని అడిగినవారికి ఎదుటి టీ కొట్టులో ఇప్పుడు చెప్పే గుర్తు వేరు.

"వద్దు రత్నంగారి షెడ్డాండి? అదుగోనండి, ఆ నీలం రేకులది. ముందే చెప్తున్నానండి, మీ బండి చూసి మొగం మీదే వద్దంటాడు. ఏమీ అనుకోకండి."

ఆ పేరు తల్లిదండ్రులు పెట్టినది కాదు. యాభైయారేళ్లు నిండేవరకు అతని నోట 'వద్దు' అన్న మాట విన్నవారు లేరు.

గోదావరి నేల మీద పుట్టినవారికి కాదనడం ఒక విద్య. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. వెళ్లేవాడు వెళ్తానని అనడు, వెళ్లొస్తానంటాడు. బయలుదేరినవాణ్ణి ఎక్కడికని అడగరు, ఆగమని అనరు. కనకరత్నం ఆ విద్యలో ఆరితేరినవాడు. ఒక చాసీ ఇక పనికిరాదని చెప్పవలసివస్తే, "దానికి వయసైపోయిందండీ, పాపం చాలా చాకిరీ చేసింది" అనేవాడు. డ్రైవర్లు ఆ భాషలోనే పుట్టినవారు గనుక వారికి అర్థమయ్యేది.

అతనికి అన్నం పెట్టినవి కొల్లేటి చేపల లారీలు. మంచుగడ్డల నీరు కారి కారి ఇనుమును లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందువల్ల అతడు చూపును నమ్మడు. అతని దగ్గర ఒక చిన్న సుత్తి ఉంది. దాని పిడి బొటనవేలి ఒత్తిడికి గుంటపడింది. దానితో ఇనుమును తట్టి చెవి ఒగ్గుతాడు. గట్టి ఇనుము కంగుమంటుంది. పుచ్చిన ఇనుమును గురించి అతడు అనే మాట ఒక్కటే: "దగ్గుతోందండీ."

రెండేళ్ల కిందట, శ్రావణమాసం మొదట్లో, కలిదిండి నుంచి శ్రీకర్ ఆ షెడ్డుకు వచ్చాడు. అక్కడ చేపల చెరువులున్న సుబ్బరాజుగారికి ఒక్కగానొక్క కొడుకు, ఇరవైయారేళ్లవాడు. అతడు తెచ్చినది ఎర్రని స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకు జానెడెత్తు. పొరుగు రాష్ట్రంలో ఎవరో వాడి అమ్మినదాన్ని ముచ్చటపడి కొనుక్కున్నాడు.

పక్క షెడ్డులో బండ్లకు రంగులు వేసే ఆనంద్ పాల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం బాబూ, ఇది నిలబడిందా, పడుకుందా?"

"నిలబడిందేనండి," అని శ్రీకర్ నవ్వాడు.

"ఒరే రత్నం, నువ్వు దీని కింద దూరాలంటే ముందు నెల రోజులు కటిక ఉపవాసం చెయ్యాల్రా."

శ్రీకర్ డిక్కీలోంచి మూడు పొడుగాటి అట్టపెట్టెలు దించాడు. "బ్రేసులండి, రత్నంగారూ. మలుపులో కారు ఒళ్లు విరుచుకుంటోందండి. స్టీరింగ్ తిప్పితే ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు తిరుగుతోంది. ఇవి వేస్తే మొత్తం ఒక్క ముక్కలా తిరుగుతుందంటండి. ఇక్కడ ఇలాంటి పని ఎవరూ చెయ్యరు. మీ చెయ్యి మంచిదని అందరూ చెప్పారు."

లారీకి చాసీ వేరు, పైన కట్టే బాడీ వేరు. కారుకు అలా కాదు. స్తంభాలు లేని ఇంటికి గోడలే స్తంభాలైనట్లు దాని ఒంటి రేకే దాని చట్రం. మలుపులో ఆ రేకు కొద్దిగా మెలితిరుగుతుంది. ముందు చక్రాల షాకబ్సార్బర్ల తలలు రెండింటినీ కలుపుతూ ఇంజను మీదుగా ఒక కడ్డీ, వెనుక అటువంటిదే ఇంకొకటి, కారు అడుగున కత్తెర ఆకారంలో మరొకటి బిగిస్తే ఆ మెలి ఆగుతుంది. కనకరత్నం కడ్డీలను చేతితో తూచి చూశాడు. మంచి పని. అతనికి కూడా ముచ్చటేసింది.

"శుక్రవారం పొద్దున్నకి అయిపోవాలండి. అమ్మ ముహూర్తం పెట్టించింది."

"అలాగేనండి," అన్నాడు కనకరత్నం.

ముందు కడ్డీ, వెనుక కడ్డీ బుధవారానికే చక్కగా కూర్చున్నాయి. అడుగున బిగించవలసిన కత్తెర బ్రేసు శుక్రవారం ఉదయానికి మిగిలింది. కనకరత్నం కారు కింది గోతిలోకి దిగి మూడు బోల్టులు బిగించాడు. వెనుక కుడివైపున్న నాలుగవ బోల్టు మాత్రం స్పానరు తిప్పినకొద్దీ వెన్నలో తిరిగినట్లు తిరిగింది గాని కరుచుకోలేదు. సుత్తి తీసి తట్టాడు. దగ్గింది. రెండు జానలు వెనక్కు జరిగి తట్టాడు. అక్కడా దగ్గింది. స్క్రూడ్రైవరు మొనతో గీకితే కొత్తగా పూసిన నల్లరంగు, దాని కింద లప్పం, దాని కింద పెంకులు పెంకులుగా తుప్పు. నీరు పోవడానికి వదిలిన చిన్న రంధ్రంలోంచి ఎండిన ఒండ్రు అతని అరచేతిలోకి రాలింది. ఆ ఒండ్రులో వడ్లగింజంత నత్తగుల్ల ఉంది.

కొల్లేటి లారీల మధ్య బతికిన మనిషికి అంతకుమించి చెప్పవలసినది లేదు. ఆ కారు ఎక్కడో వరదలో రోజుల తరబడి మునిగింది.

అతని తలలో లెక్క క్షణంలో తేలింది. బ్రేసు లేకపోతే కారు మెలితిరుగుతుంది, కిర్రుమంటుంది, నడిపేవాడు భయపడి నెమ్మదిస్తాడు. బ్రేసు వేస్తే కారు బిగుసుకుంటుంది, భయం పోతుంది, బరువంతా వచ్చి ఆ పుచ్చిన చోటనే పడుతుంది. ఆ భాగం కోసి కొత్త ప్లేటు వెయ్యాలి. పదిహేను రోజుల పని. అంతవరకు కారు షెడ్డు దాటకూడదు. ఆ మాట చెప్పడానికే నత్తగుల్లను గుప్పిట్లో పెట్టుకుని గోతిలోంచి పైకి వచ్చాడు.

పైన సుబ్బరాజుగారు ఉన్నారు. ఆయన భార్య పట్టుచీరలో ఉన్నారు. ఎర్రని బానెట్ మీద పసుపు బొట్లు, కుంకుమ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. శ్రీకర్ స్టీరింగ్ ముందు కూర్చుని తల దువ్వుకుంటున్నాడు.

"సమయానికి వచ్చారు రత్నంగారూ," అని ఆమె కొబ్బరికాయ అతని చేతిలో పెట్టారు. "చేసిన చెయ్యి మీది. మీ చేతుల మీదుగానే కొట్టండి. మావాడికి శుభం పలకండి."

కనకరత్నం నోరు తెరిచాడు. అతనికి కావలసిన మాట రెండే అక్షరాలు. తల్లి దీవెన అడుగుతుండగా, బిడ్డ బండిలో కూర్చుని ఉండగా, ఆ రెండక్షరాలు పలికిన మనిషిని అతడు పుట్టి బుద్ధెరిగిన తరువాత చూడలేదు. అతడు కొబ్బరికాయ కొట్టాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. ఆమె సంతోషించారు.

కారు కిటికీ దగ్గరకు వంగి, "బాబుగారూ, నిదానంగా, చూసుకుని వెళ్లండి. వీలు చూసుకుని మళ్లీ ఒకసారి తీసుకురండి. అడుగున చిన్న పనుంది," అన్నాడు.

'వెళ్లకండి' అనడానికి అతడు వాడిన మాట అది. వినేవాడికి అది ఊళ్లో ప్రతివారూ ప్రతివారికీ చెప్పే మాట.

"అలాగేనండి, వెళ్లొస్తానండి," అన్నాడు శ్రీకర్. నిమ్మకాయలు చితికాయి.

ఆదివారం కనకరత్నం ఫోన్ చేశాడు.

"రత్నంగారూ, బాణమండీ బాబూ! రైలు పట్టాల మీద పోయినట్టు పోతోంది!"

"అడుగు పని ఉంది బాబుగారూ..."

"వస్తానండి, వచ్చే వారం వస్తాను."

"నిదానంగా నడపండి," అని మళ్లీ అదే మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం మధ్యాహ్నం, కైకలూరు దాటాక రెండు వైపులా చెరువులున్న రోడ్డు మీద, మలుపులో కారు వెనుక కుడి చక్రం దాని పట్టుతో సహా ఊడివచ్చింది. కారు గట్టు దిగి చెరువులో బోర్లా పడింది. మేత చల్లుతున్నవారు పడవలు తోసుకుని చేరేసరికి శ్రీకర్ ప్రాణం పోయింది.

తనిఖీకి వచ్చినవారు కాగితం మీద అతివేగం అని రాసుకుని వెళ్లారు. ఎర్ర కారు, కుర్రవాడు, మలుపు: ఎవరికీ వేరే కారణం కావలసిరాలేదు. కనకరత్నాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అతడు నత్తగుల్లను అగ్గిపెట్టెలో వేసి, పనిముట్ల అరలో వెనక్కు నెట్టాడు.

నెలా పది రోజులకు చేపల లారీ నడిపే నరసరాజు చాసీ పనికి వచ్చి మాటల్లో అన్నాడు: "సుబ్బరాజుగారు కొడుకు ఫొటో గోడకి పెట్టనివ్వలేదంటండీ. మాట విననివాడికి దండెందుకు అన్నాడంట. నెమ్మదిగా పోరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను, దున్నపోతులా దూకి చచ్చాడు అంటున్నాడంట. ఆ పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోతున్నాడండి."

ఆ రోజు కనకరత్నం సుత్తి పట్టుకున్నాడు గాని ఏ ఇనుమూ అతనికి వినపడలేదు. సాయంత్రం ఆనంద్ పాల్‌కు అంతా చెప్పాడు.

"నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు ఆనంద్ పాల్.

"లేదు."

"అడగనిది చెప్పి జైలుకెళ్తావా? షెడ్డు మూసుకుంటావా? నోరు మూసుకోరా రత్నం. ఇన్నాళ్లూ నీకు బాగా వచ్చిన విద్యే కదా."

ఇంటికి వెళ్తే భార్య నాగదుర్గ కూడా ఆ మాటే అంది, మెత్తగా. "ఏవండీ, మీరు చెప్తే ఆ పిల్లాడు లేచొస్తాడా?"

"రాడు."

"మరి?"

"చచ్చినవాణ్ణి కన్నతండ్రి ఇంకా తిడుతున్నాడు దుర్గా. వాడు చెయ్యని తప్పుకి."

మర్నాడు ఉదయం అగ్గిపెట్టె, సుత్తి సంచిలో వేసుకుని అతడు కలిదిండి బస్సు ఎక్కాడు.

చెరువు గట్టున, సుబ్బరాజుగారి ఇంటి పక్కనే ఉన్న మేత గోదాము వెనుక కారు టార్పాలిన్ కింద ఉంది. చెరువులో ఏరేటర్లు నీటిని చిలుకుతున్నాయి. సుబ్బరాజుగారు నెలలోనే పదేళ్లు పైబడినట్లున్నారు. కనకరత్నం చెప్పినదంతా ఆయన నిలబడే విన్నారు. అగ్గిపెట్టెలోని గుల్లను చూశారు. తరువాత టార్పాలిన్ తానే లాగారు.

"చూపించండి."

కనకరత్నం మోకాళ్ల మీద కూర్చుని, ఎడమవైపు పట్టీ మీద సుత్తితో తట్టాడు. కంగుమంది. కుడివైపు, చిరిగిన అంచు పక్కన తట్టాడు.

"ఇది మీకు ఆ రోజు వినపడిందా?"

"వినపడిందండి."

"వాడు దూకుడుగా నడపలేదంటారు."

"ఎంత నిదానంగా నడిపినా అది ఊడేదేనండి. నాలుగు రోజులు ముందో వెనకో. బాబుగారి తప్పు గోరంత లేదండి."

సుబ్బరాజుగారు కారు తలుపు మీద చెయ్యి వేశారు. "మరి ఎందుకు చెప్పలేదు?"

"అమ్మగారు చేతిలో కొబ్బరికాయ పెట్టారండి. ఆ సమయంలో అపశకునం మాట..." అని ఆగిపోయాడు.

ఆ మాట అన్న తరువాతనే అతడు తలెత్తి చూశాడు. గోదాము మూల దగ్గర శ్రీకర్ తల్లి నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఆమె కనకరత్నాన్ని చూడటం లేదు. తన రెండు అరచేతులనూ తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

"కాయ నేనే ఇచ్చాను కదండీ," అన్నారు, ఎవరితోనో.

కొడుకును నింద నుంచి విడిపించడానికి వచ్చినవాడు తల్లిని దానికి కట్టేశాడు. "మీ తప్పు లేదమ్మా" అన్నాడు కనకరత్నం. ఆ మాట చాలలేదు.

సుబ్బరాజుగారు అడిగారు. "ఆ రోజు అనవలసిన మాట ఏమిటండీ? ఒక్కసారి అనండి. వింటాను."

కనకరత్నం కారువైపు తిరిగాడు. స్టీరింగ్ ముందు ఖాళీ సీటులో ఎండిన నాచు ఉంది.

"వద్దు బాబూ," అన్నాడు. "వెళ్లకండి."

సుబ్బరాజుగారు తల ఊపి ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆమె కదలలేదు. కనకరత్నం సుత్తి సంచిలో వేసుకుని, చేతులు జోడించి, గట్టు వెంబడి నడిచాడు. వెనుక ఇంట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. నాలుగు దెబ్బలు, కాస్త ఆగి మరొకటి. ఫొటో బరువుకు ఆ మేకు ఆగుతుందో లేదో అతని చెవి అలవాటుగా ఆలకించింది. ఆగుతుంది.

రోడ్డు ఎక్కేదాకా ఎదురుచూశాడు గాని, వెళ్లిరండి అని వెనుకనుంచి ఎవరూ అనలేదు.