గుమ్మానికి వేలాడిన తాళంచెవి

ఇన్నేళ్ళుగా ఎందరి తలుపులకో తాళాలు బాగుచేసిన ఆ ముసలాయన జీవితంలో ఒకే ఒక్క తాళాన్ని తప్పుగా బిగించాడు. అది కాగితం మీద రాసినది.

ఇరవై ఏళ్ళ కిందట, కొత్త అంగడి భవనంలోని ఇరవై కొట్లకు చీటీలు తీయబోయే ముందు, కొట్లవాళ్ళ సంఘానికి నియమావళి రాసింది ఆయనే. ఎవరికి గుమ్మం పక్క కొట్టు వస్తుందో, ఎవరికి మరుగుదొడ్డి పక్కది వస్తుందో తెలియని ఆ పూట అందరూ ధర్మరాజులే. "పదహారుమంది ఒప్పితే తప్ప ఎవరిచేతా కొట్టు ఖాళీ చేయించరాదు" అన్న వాక్యం కింద ఇరవై సంతకాలు పడ్డాయి. మనుషుల న్యాయబుద్ధికి ఆయుష్షు తమ వాటా తెలిసేదాకానే. ఆ తరువాత దానిని భూతద్దంతో వెతుక్కోవాలి.

చీటీలో ఆయనకు గుమ్మం పక్కది వచ్చింది. ఇప్పుడది సంఘం అధ్యక్షుడి బావమరిదికి కావలసి వచ్చింది. సంఘసేవ ఎక్కడైనా బావమరిదితోనే మొదలవుతుంది కదా! నియమం మార్చడానికి పిలిచిన సమావేశం జరుగుతూండగానే ఆ బావమరిది టేపు పట్టుకుని గుమ్మం కొలుస్తున్నాడు.

"పదహారుమంది ఎందుకు బాబాయ్? పదకొండు చాలు. పనులు చకచకా అవుతాయి," అన్నాడు బట్టల కొట్టు నడిపే అధ్యక్షుడు.

"పదహారని రాసుకున్నాం కదా అబ్బాయ్!"

"ఆ పదహారును మార్చాలంటే ఎంతమంది కావాలో రాశారా?"

రాయలేదు. తలుపుకు తాళం వేసి, చెవిని గుమ్మానికే వేలాడదీసిన ఘనుడు ఆ ముసలాయనే! అప్పటికే పన్నెండు చేతులు లేచాయి. వాటిలో సగం, మొన్న ఆయన చేత ఉచితంగా గొళ్ళేలు బిగించుకున్న చేతులు.

ఆయన తన పనిముట్ల పెట్టెలోంచి ఒక రేకు డబ్బా తీసి గలగలలాడించాడు. అందులో ఇరవై ఏళ్ళనాడు చీటీలుగా తీసిన కొట్ల నంబరు బిళ్ళలు.

"సరే, కానివ్వండి. నియమం అందరికీ కదా? ముందు ఎవరిని ఖాళీ చేయించాలో ఒక బిళ్ళ తీద్దాం."

"బిళ్ళెందుకు బాబాయ్? ఇప్పటికి మీ ఒక్క కొట్టే కదా!"

"ఇప్పటికి!" అంది బొత్తాల కొట్టావిడ. "రేపు మీ తోడల్లుడు దిగితే నాదంటావు, అంతేగా అన్నయ్యా?"

లేచిన చేతులు తల గోక్కోవడానికే లేచినట్టు నటిస్తూ దిగిపోయాయి. అది ముసలాయన మీద జాలి కాదు; ఎవడి కొట్టు వాడికి గుర్తొచ్చింది, అంతే. ఆయన కూడా వాళ్ళ నుంచి అంతకన్నా ఆశించలేదు. "ఈ నియమాన్ని మార్చాలన్నా పదహారుమంది కావాలి" అని చేర్చి, కాగితం తిప్పాడు. పంతొమ్మిది సంతకాలు చూశాక, ఇరవయ్యవది అధ్యక్షుడు పళ్ళు కొరుకుతూ పెట్టాడు.

గుమ్మం దగ్గర బావమరిది ఇంకా టేపు చుట్టుకుంటూనే ఉన్నాడు.