నీళ్లు తాగి వచ్చిన స్లాబు

బోధన్‌లో మా మేడకు స్లాబు పడే రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన కాంక్రీటు పలకలకు ఈ కొస నుంచి ఆ కొసదాకా గుండ్రటి బొక్కలు. ఒకదానికి కన్ను ఆనిస్తే అవతల చెరుకు లారీ కనబడింది! కింద ఆసరాకు సెంట్రింగ్ కర్ర ఒక్కటీ లేకుండా, క్రేను వాటిని ఎత్తి గోడల మీద వరసగా పరిచేసింది. మధ్యాహ్నానికల్లా కప్పు తయారు!

పైకి ఉరికి చూస్తే, మా బాపు అప్పటికే పార పట్టి, కొత్త స్లాబు గట్టిపడాలని నీళ్లు నిలపడానికి మట్టిగట్లు వేస్తున్నాడు, అచ్చం వరిమడికి వేసినట్టు.

"కాకా, ఇది ఫ్యాక్టరీలనే నీళ్లు తాగి గట్టిపడ్డది. ఇంకెందుకు?" అని క్రేను మేస్త్రీ నవ్వాడు.

బాపు పార పక్కన పెట్టి చెంబు అందుకున్నాడు. "ఆడ తాగితే తాగింది. ఇంటికొచ్చినోళ్లకు మనం నీళ్లియ్యమా?"