చినగని గౌను

సుబ్బమ్మ పరాయి సొమ్ము పూచికపుల్లయినా ముట్టుకునే మనిషి కాదు. మాదాపూర్ గుట్టల మధ్య లేస్తున్న ఆ పెద్ద కంప్యూటర్ బిల్డింగు దగ్గర ఏడాదిన్నరగా కాంక్రీటు తట్ట మోస్తోంది గానీ, కాలికి తగిలిన మేకుముక్క కూడా గుడిసెకి తెచ్చుకోలేదు. అలాంటి మనిషి ఆ శనివారం మధ్యాహ్నం ఇంజనీరుగారి అబ్బాయి చేతిలో పుస్తకం లాక్కుని, తన రేకు గుడిసెలోని ట్రంకుపెట్టెలో పడేసి, మూత వేసి, ఆ మూత మీద కూర్చుంది.

అది కొట్లో దొరికే పుస్తకం కాదు. చందానగర్‌లో పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు రెండు నెలలు కూర్చుని చేసింది. కథ రాసింది ఇంజనీరు సీతారామయ్యగారి కొడుకు ఆదర్శ్. బొమ్మలు వేసింది అతని క్లాసు పిల్ల వాసంతి. ఊళ్ళో ఏదో పిల్లల సంస్థ పోటీ పెట్టింది. మనుషుల్లో ఎన్ని రకాలున్నా అందరూ మనవాళ్ళేనని చిన్నపిల్లలకి తెలిసేలా, పెద్దపిల్లలే కథ రాసి బొమ్మలు వెయ్యాలి. ఉన్నది ఒక్కటే ప్రతి. ఆ సాయంత్రం అయిదు లోపల ఆబిడ్స్‌లో ఆ సంస్థ ఆఫీసుకి చేర్చాలి. చేర్చేముందు పదిమంది చిన్నపిల్లలకి చదివి వినిపించాలని నిబంధన. అడిగీ అడగ్గానే పదిమంది పిల్లలు ఒకేచోట దొరికేది కూలీల గుడిసెల దగ్గర కాక ఇంకెక్కడ? అందుకే ఇద్దరూ బస్సెక్కి వచ్చారు.

నాలుగు పేజీలు బ్రహ్మాండంగా నడిచాయి. టోపీ పెట్టుకున్న పిల్లాడు, పట్టుపావడా కట్టుకున్న పిల్ల, తలపాగా చుట్టుకున్న సర్దార్ల అబ్బాయి, మెడలో సిలువ వేసుకున్న అమ్మాయి, అందరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అయిదో పేజీలో వచ్చింది తట్ట మోసే అమ్మ కూతురు. పేరు బాలమణి. నాన్నతో సైటుకొచ్చినప్పుడు విన్న పేరు బాగుందని ఆదర్శ్ ఉన్నదున్నట్టు పెట్టేశాడు. బొమ్మలో ఆ పిల్లకి చింపిరి జుట్టు, ముక్కు కింద చీమిడి, భుజం దగ్గర చిరిగి వేలాడే గౌను.

"ఓ బాలమణీ, నువ్వేనే! చినిగిన గౌను, చినిగిన గౌను!" అని పిల్లలంతా గోల చేశారు.

వాళ్ళ మధ్యే కూర్చుంది సుబ్బమ్మ కూతురు, ఆరేళ్ళ బాలమణి. అరచెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. అక్కడ చిరుగేమీ లేదు. అయినా దాచుకుంది. తిండికని పనిలోంచి అప్పుడే వచ్చిన సుబ్బమ్మ చూసింది ఆ చేతినే. ఆ తర్వాత బొమ్మని చూసింది. అంతే, పుస్తకం పెట్టెలోకి పోయింది.

"అమ్మా, ఇచ్చెయ్యమ్మా. అయిదింటికల్లా వెళ్ళాలి" అంది వాసంతి గుమ్మం దగ్గర నిలబడి.

"ఇయ్య" అంది సుబ్బమ్మ.

ఎందుకివ్వదో చెప్పలేదు. చెబితే చాలా దూరం వెనక్కి వెళ్ళాలి. మక్తల్ దగ్గర వాళ్ళ ఊళ్ళో వానలు పడని ఏడు, సుబ్బమ్మకి పదేళ్ళప్పుడు, పట్నం నుంచి జీపులో దొరలొచ్చి గంజి పోశారు. ధర్మాత్ములే, కాదనలేం. గంజి పోసి ఫొటో తీస్తామన్నారు. సుబ్బమ్మ ఉరికి ఇంట్లోకి పోయి, తల దువ్వించుకుని, మేనత్త పెట్టిన కొత్త లంగా కట్టుకుని వచ్చింది. ఫొటో ఆయన నవ్వి, "ఇట్ల కాదు పాపా, ఇందాకటి బట్టలే వేసుకో" అన్నాడు. జుట్టు కూడా ఆయనే చెరిపాడు. ఆ ఫొటో పేపర్లో పడింది. ఊరంతా చూసింది. ఆనాటి నుంచి ఆమె పేరు సుబ్బమ్మ కాదు, గంజిపోరి. పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలిచి నవ్వారు. ఆకలి ఒక్క ఏడాదితో తీరింది గానీ ఆ పేరు పెళ్ళయ్యాక కూడా పోలేదు. మొగుడు పనికోసం పూనా పోతే పోనీ అనుకుని, పిల్లని చంకనేసుకుని ఈ గుట్టలకొచ్చిందంటే, ఇక్కడ ఆ పేరు తెలిసినవాళ్ళు లేరన్నది కూడా ఒక కారణం.

మేస్త్రీ రామాంజనేయులు పరుగున వచ్చాడు. అనంతపురం మనిషి, నోరు పెద్దది.

"ఏం మే, తిక్క గాని పట్టిందా నీకు? ఇంజనీరు సార్ కొడుకు పుస్తకమది! రెండు గంటలకు గంట కొడతారు. ఆ లోపల ఇయ్యకపోతే రేపట్నుంచి పన్లేదు నీకు. ఈ గుడిసె కూడా ఖాళీ చెయ్యాల్సిందే."

పని పోతే తిండి లేదు, గుడిసె పోతే పిల్లతో ఏ రాయి చాటున పడుకోవాలి? లేచి ఇచ్చేద్దామనే సుబ్బమ్మకి అనిపించింది. గుమ్మం పక్కన బాలమణి ఇంకా భుజం మూసుకునే కూర్చుంది. సుబ్బమ్మ లేవలేదు.

ఆదర్శ్ చెడ్డపిల్లాడు కాదు. తొందరలో ఉన్న మంచిపిల్లాడు, దాంతోనే వచ్చింది చిక్కు. గడియారం చూసుకుని, "సరే అండీ, మీకు ఆ పేజీయే కదా ఇబ్బంది? చింపేద్దాం. నాలుగు పేజీలతోనే కథ సరిపోతుంది" అన్నాడు.

అందరికీ మర్యాదగా తోచిన ఆ మాటకే సుబ్బమ్మ భగ్గుమంది.

"చింపుతవా? టోపీ పిలగాడుంటడు, పట్టులంగ పిల్లుంటది, నా బిడ్డొక్కతె ఉండదా? ఉంటే చినిగిన గౌనేసుకొని ఉండాలె, లేకుంటే ఉండనే వద్దు! ఇదేం నాయం బాబూ?"

మేస్త్రీ నోరు తెరవబోయాడు గానీ వాసంతి అడ్డొచ్చి గుడిసెలోకి వచ్చి, సుబ్బమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అమ్మా, నేను చూడలేదు. బాలమణిని ఇవాళే చూడటం. కూలివాళ్ళ పిల్ల అని వీడు చెప్పగానే ఇంట్లో కూర్చుని వేసేశాను. అసలు తన గౌను చినిగిందో లేదో నాకు తెలీదు. తప్పు నాదే."

సుబ్బమ్మ కూతుర్ని దగ్గరకి పిలిచి, గౌను అంచు ఎత్తి చూపించింది. ఆకుపచ్చ గౌను. మేకు పట్టి చిరిగిన చోట పసుపు చీర ముక్క వేసి, బొంతలు కుట్టే సన్నకుట్టుతో చుట్టూ కుట్టింది. కుట్టు కుట్టుకీ మధ్య బియ్యపుగింజంత ఎడం, ఎక్కడా తప్పలేదు.

"చినిగింది. ఆనాడే కుట్టిన. చినిగింది వేరు బిడ్డా, కుట్టింది వేరు. గీస్తే గిది గియ్యి."

"గీస్తాను" అంది వాసంతి. సుబ్బమ్మ పెట్టె మీంచి లేచింది; వాసంతి మూత ఎత్తి పుస్తకం తీసుకుంది.

"మేస్త్రీగారూ, పుస్తకం నా చేతిలోనే ఉంది కదండీ. ఇంక ఆవిణ్ణేమీ అనకండి" అని, వాసంతి సంచిలోంచి రంగులపెట్టె తీసింది. తెల్లకాగితం కత్తిరించి పాత బొమ్మ మీద అతికించాలి, జిగురు లేదు. సుబ్బమ్మ తన పళ్ళెంలోని నాలుగు మెతుకులు మెదిపి ఇచ్చింది. రెండు గంటల గంట మోగింది. సుబ్బమ్మ వెళ్ళలేదు. మేస్త్రీ గొణుగుతూ ఒక్కడే వెళ్ళాడు.

బాలమణిని గుమ్మం వెలుతురులో కూర్చోబెట్టారు. ఆదర్శ్ బయట అటూ ఇటూ తిరుగుతూ "రెండున్నర... పావు తక్కువ మూడు" అని లెక్క చెబుతున్నాడు. వాసంతి చెవిన పెట్టలేదు. కుట్లు ఒకసారి తప్పితే చెరిపి, పిల్ల దగ్గరకి వెళ్ళి వేలితో తడిమి చూసి, మళ్ళీ వేసింది. సుబ్బమ్మ ఆ కుంచె కొసనే చూస్తోంది. బొమ్మలో ఒక్క చిరుగు పడితే ఈసారి పుస్తకం పొయ్యిలోకే పోతుందని మనసులో గట్టిగా అనుకుంది.

మూడుంబావుకి బొమ్మ పూర్తయింది. ఆకుపచ్చ గౌను, పసుపు అతుకు, లెక్కపెట్టగలిగేటన్ని కుట్లు, నున్నగా దువ్విన తల. కుడి అరచెయ్యి భుజం మీద ఉంది. మూతి బిగించి ఉంది.

ఆదర్శ్ తొంగిచూశాడు. "బాగుంది. కానీ మిగతా నలుగురూ నవ్వుతున్నారు కదా, ఈ పిల్లొక్కతే ఏడుపు మొహంతో ఉంది. మూతి కొంచెం సాగదీసి, ఆ చెయ్యి తీసెయ్. రెండు నిమిషాల పని."

వాసంతి కుంచె నీళ్ళలో ముంచింది. ఒకసారి బాలమణి వైపు చూసింది. కుంచె దులిపి, పెట్టెలో పెట్టి మూసేసింది.

"మనం వచ్చినప్పట్నుంచి ఆ పిల్ల నవ్వలేదు ఆదర్శ్" అంది.

ఆదర్శ్ రంగులపెట్టె తీసుకుని సంచిలో సర్దాడు. సుబ్బమ్మ రంగు ఆరేదాకా పేజీ మీద కొంగుతో విసిరింది. తర్వాత పుస్తకం మూసి, రెండు చేతులతో తనే వాసంతికి అందించింది.

"ఇగ ఉరుకుండ్రి, బస్సు పోతది" అంది.